సీసాలాయన కూతురు

సీసాలాయన అంటే ఆ కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. రసాయనశాస్త్రం లాబ్‌లో అటెండరు. గాజుసామాను కడిగి ఆరబెట్టడం, సీసాల్లో ద్రావణాలు నింపి చీటీలు అంటించడం, బర్నర్ల గొట్టాలు పగిలాయేమో చూసుకోవడం ఆయన పని. కడిగిన ప్రతి గాజు గొట్టాన్నీ కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి పరీక్షగా చూసేవాడు. "నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశాడా ఈ మనిషి" అని భార్య నవ్వుతూనే దెప్పేది. అసలు పేరు హాజరు వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. కొత్తగా చేరిన పిల్లలు కూడా వారం తిరక్కుండానే "సీసాలాయనా, మా కుళాయి రావట్లేదు" అని పిలిచేవాళ్ళు. ఆయన పలికేవాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఆ లాబ్‌లోనే చదువుకుంది. ఆ లాబ్‌కే లెక్చరర్‌గా వచ్చింది. ఇది ఆమె కథ.

చదువుకునే రోజుల్లో ఆమెది వెనక బెంచీ. ముందు కూర్చున్నవాళ్ళంతా పెద్దపెద్ద బడుల నుంచి వచ్చినవాళ్ళు. తప్పు జవాబైనా గట్టిగా చెప్పేవాళ్ళు. ఈమె ఒప్పు కూడా నోట్లోనే దాచుకునేది. రైలుకట్ట అవతల తాము ఉండే పేటలో నోరు మంచిదైతే ఊరు మంచిదని నేర్పారు గానీ, నోరు తెరవమని ఎవరూ నేర్పలేదు. ఒకరోజు పక్కమ్మాయి "నీకేం, నీ సామాను మీ ఇంట్లోవాళ్ళే కడుగుతారు" అంది. హాస్యానికే అంది. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక తండ్రి చేతులకేసి చూడలేకపోయింది.

ఆమెని వెనక బెంచీ నుంచి లేపింది పెద్దసారు. డిపార్ట్‌మెంటు హెడ్డు. బోర్డు మీద లెక్క వేస్తూ వేస్తూ ఆగి, "ఆ చివర కూర్చున్నమ్మాయి పెదాలు కదులుతున్నాయి. ఆ అమ్మాయికి వచ్చు, మీకు రాదు" అన్నాడు. తన సొంత పుస్తకాలు ఇచ్చాడు. పై చదువుకి ఎక్కడెక్కడ సీట్లు ఉంటాయో చెప్పాడు. ఆమె చదువు ముగించుకుని వచ్చాక, ఉద్యోగం ఖాళీ పడితే కబురు పెట్టింది కూడా ఆయనే. మంచివాడు. మంచివాడు కాకపోయి ఉంటే తరవాత ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఆమెకి తేలికయ్యేది.

అందరిలోకీ చిన్నది కాబట్టి ఆమె పేరు చిన్న మేడమ్ అయింది. చేరిన మొదటిరోజు స్టాఫ్ రూములోకి తండ్రి టీ ట్రే పట్టుకొచ్చాడు. ఆమె చటుక్కున లేచి నిలబడింది. ట్రే అందుకోబోయింది. పక్కనున్న సీనియరు ఒకాయన "కూర్చోండి మేడమ్, ఎవరి పని వాళ్ళని చెయ్యనివ్వండి" అన్నాడు. తండ్రి ఆమె ముందు కప్పు పెట్టి, "టీ, మేడమ్" అన్నాడు. మొహంలో ఎక్కడా తేడా లేదు.

ఇంటికొచ్చాక ఆమె గొడవపెట్టుకుంది.

"నన్ను మేడమ్ అంటావేంటి నాన్నా?"

"మరేమనాలి? అక్కడ అందరినీ అలాగే అంటానుగా. నిన్నొక్కదాన్నే చిట్టితల్లీ అంటే మిగతా మేడములు ఏమనుకుంటారు?"

"పోనీ, నేను లేచి నిలబడితే నీకేం?"

"నువ్వు లేస్తే నా పరువు పోతుంది. నేనిచ్చిన టీ నువ్వు కుర్చీలో కూర్చుని తాగాలి. అది చూడ్డానికేగా నేనింకా ట్రే మోస్తున్నది."

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి తల్లి అందుకుంది. "తండ్రీకూతుళ్ళు కాలేజీలో ఎవరికెవరో ఏమో గానీ, ఇక్కడ మాత్రం ఇద్దరూ నేను వడ్డిస్తే తినేవాళ్ళే. లేచి చేతులు కడుక్కోండి."

అలా సర్దుకున్నారు. గేటు దాటి లోపలికి వెళ్తే మేడమ్, గేటు బయటికొస్తే చిట్టితల్లి. సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవాళ్ళు. గేటు దాటగానే ఆయన ఆమె చేతిలో సంచీ తీసుకునేవాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకది అలవాటు.

ఆమె పాఠం చెప్పే తీరు వేరుగా ఉండేది. ప్రశ్న అడిగితే వెనక బెంచీ నుంచి మొదలుపెట్టేది. సామాను పేర్లు ఒకటికి పదిసార్లు చెప్పేది. ఎవరైనా పలకలేక తడబడితే ముందు బెంచీలు నవ్వకముందే తనే మళ్ళీ పలికేది. ఆ ఏడు ఆమె క్లాసులో ఒక హాస్టలు పిల్ల ఉండేది. తల్లిదండ్రులు ఇటుకబట్టీలో పని. వాళ్ళింట్లో కాలేజీ మొహం చూసింది ఆ పిల్లే మొదలు. మొదటి ప్రాక్టికల్‌కి బర్నరు వెలిగించడం తెలియక, ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుని నిలబడిపోయింది. చిన్న మేడమ్ వెళ్ళి ఏమీ అడగకుండా ఆ పిల్ల చేతిమీద చెయ్యేసి గ్యాసు మర తిప్పించింది. మర్నాటి నుంచి ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

అదే బ్యాచిలో కాలేజీ పాలకవర్గం అధ్యక్షుడి మనవడు కూడా ఉన్నాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. తెలివైనవాడు, నవ్వుమొహం వాడు, అటెండర్లని కూడా మీరు అనే పిలిచేవాడు. కాకపోతే వద్దు అన్నమాట తనని ఉద్దేశించి ఎవరైనా అనగలరని అతనికి అప్పటిదాకా అనుభవం లేదు.

ఆ రోజు నీళ్ళు కలిపిన యాసిడ్‌తో చేసే ప్రయోగం. చిక్కటి యాసిడ్ సీసా ఆమె బల్ల పక్కన వేరుగా ఉంది. దాని మీద తండ్రి అంటించిన ఎర్రచీటీ ఉంది. యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోకే యాసిడ్ కొంచెం కొంచెంగా పొయ్యాలి అని క్లాసు మొదట్లోనే చెప్పింది. గది అవతలి చివర ఎవరికో ఏదో చూపిస్తుంటే ఒక నవ్వు వినబడి తలెత్తింది. అధ్యక్షుడిగారి మనవడు చిక్కటి యాసిడ్ గ్లాసులో పోసుకుని, పక్కవాడితో "చూడరా ఏమవుతుందో" అంటూ అందులోకి నీళ్ళు వంచుతున్నాడు. "వద్దు" అని ఆమె అరిచేలోపే అది చిటపటలాడుతూ పైకెగిరింది. అతను చటుక్కున వెనక్కి తప్పుకున్నాడు. ఎదురుబల్ల దగ్గర హాస్టలు పిల్ల ఉంది.

మెడ మీదా, కుడిచెయ్యి మీదా పడింది. సీసాలాయన పరిగెత్తుకొచ్చి ఆ పిల్లని ఎత్తుకుపోయినట్టే కుళాయి కిందికి తీసుకెళ్ళి నిలబెట్టాడు. "ఏం కాదు తల్లీ, నీళ్ళు పడనీ, ఇంకా పడనీ" అంటూ పట్టుకున్నాడు. ఆయన అరచేతులు కూడా పొక్కిపోయాయి. ఆ సంగతి ఆస్పత్రిలో నర్సు చెప్పేదాకా ఆయన చూసుకోలేదు.

మర్నాటి నుంచి కాలేజీలో మాటలు మారడం మొదలుపెట్టాయి. మొదట "ఆ అబ్బాయి ఆకతాయితనం" అన్నవాళ్ళే తరవాత "పొరపాటు" అన్నారు. ఆ తరవాత "అసలు చిక్కటి యాసిడ్ ఆ సీసాలోకి ఎలా వచ్చిందంటావ్" అన్నారు. నీళ్ళు కలిపిన యాసిడ్ అని చీటీ ఉన్న సీసాలో చిక్కటిది నింపారట. కుర్రాడు పాపం చీటీ చూసి తీసుకున్నాడట. చీటీలు ఎవరు అంటిస్తారు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అందరూ లాబ్ వైపు చూశారు.

విచారణ ప్రిన్సిపాలు గదిలో జరిగింది. ప్రిన్సిపాలు, పెద్దసారు, పాలకవర్గం తరఫు వకీలు కూర్చున్నారు. ఆమెని పిలిచేసరికి తండ్రి అప్పటికే లోపల ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన్ని కూర్చోగా ఆమె ఎన్నడూ చూడలేదు. కట్టుకట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, అంచుమీద, ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. చీటీలు సరిగానే ఉన్నాయని, పొద్దున తనే చూసిందని, ఆ అబ్బాయి ఎర్రచీటీ సీసా తనంతట తనే తీసుకున్నాడని చెప్పింది.

వకీలు చాలా మెత్తటి మనిషి. "మరి అటెండరు తన పొరపాటేనని ఇప్పుడే ఒప్పుకున్నాడు కదమ్మా. సీసాలు తారుమారు చేశానన్నాడు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆయన అబద్ధం చెబుతున్నాడు" అంది.

తండ్రి తల తిప్పి ఆమెని చూశాడు.

"ఈ మాట మీరు కూతురిగా చెబుతున్నారా, లెక్చరర్‌గా చెబుతున్నారా?" అని అడిగాడు వకీలు.

కూతురినంటే ఆ సాక్ష్యం చెల్లదు. లెక్చరర్‌నంటే, నీ క్లాసులో నీ కళ్ళముందు ఇది ఎలా జరిగింది అంటారు. అడకత్తెరలో పోకచెక్క లాంటి ప్రశ్న. ఆమె పెద్దసారు మొహంలోకి చూసింది. తనని వెనక బెంచీ నుంచి లేపిన మనిషి ఏదో ఒకటి అంటాడనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"చూసినదాన్నిగా చెబుతున్నాను."

"మా దగ్గర అలాంటి హోదా ఏదీ లేదమ్మా" అన్నాడు వకీలు, నిజంగానే నొచ్చుకున్నట్టు.

హాస్టలు పిల్లని ఆస్పత్రిలోనే అడిగారు. తను అటు తిరిగి ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పింది. అంతకుముందే ఇటుకబట్టీ నుంచి ఆ పిల్ల తండ్రిని రప్పించి, వైద్యం అంతా కాలేజీ చేయిస్తుందని, అమ్మాయి చదువుకి ఏ ఇబ్బందీ రానివ్వమని మాటిచ్చారు. సీసాలాయనని ఉద్యోగంలోంచి తీసేశారు. చిన్న మేడమ్ మీద ఏ చర్యా లేదు. ఏడాది తిరిగేసరికి ఆమె ఉద్యోగం పర్మనెంటు అయింది.

విచారణ జరిగిన సాయంత్రం తండ్రి ఆమెకోసం గేటు దగ్గర ఆగలేదు. ఆమె ఇంటికి వచ్చేసరికి గోడకి జేరబడి కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పుతుంటే భార్యతో అన్నాడు, "మేడమ్‌కి అన్నం పెట్టు."

ఎగతాళిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. టీ కప్పు పెట్టినప్పుడు ఎలా అనేవాడో అలాగే అన్నాడు. ఆమె చెప్పు ఒకటి కాలికి ఉండగానే గుమ్మంలో కూలబడిపోయింది.

"ఎందుకు ఒప్పుకున్నావు నాన్నా?"

"హెడ్డుగారు పిలిచి చెప్పారు. తప్పు ఆ కుర్రాడిది అవడానికి వీల్లేదన్నారు. ఇక తప్పు మోయడానికి ఆ లాబ్‌లో మిగిలింది ఇద్దరం. నువ్వూ, నేనూ. అందులో ఆలోచించడానికేముంది?"

"నన్నొక మాట అడగాలిగా."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే నిజం చెప్పాను."

"నిజమే చెప్పావు. కాదనను." ఆయన కాసేపు కట్లున్న చేతులు చూసుకున్నాడు. "ఆ కాలేజీలో నన్ను తిట్టినవాళ్ళున్నారు, విదిలించినవాళ్ళున్నారు. అబద్ధాలకోరు అని మాత్రం ఎవరూ అనలేదు. నా చీటీ మీద నమ్మకంతో పిల్లలు కళ్ళుమూసుకుని సీసా ఎత్తేవాళ్ళు. అలాంటిది, చీటీ తప్పు వేశానని నా నోటితో నేను అన్నాను. అది ఎంత కష్టమో నీకు తెలీదు. నేను చచ్చీచెడీ ఒప్పుకుంటే, నలుగురిలో అది అబద్ధం అని తీసిపారేశావు. పోనీ దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా? ఉద్యోగం పోయింది, మాటా పోయింది."

తను కాదన్నది ఆయన్ని కాదని, ఆయన చేత ఆ మాట అనిపించినవాళ్ళని అని చెప్పాలనుకుంది. చెప్పడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే రాజీనామా రాసి పెట్టుకుంది. తల్లి అది చూసి, చదవడం రాకపోయినా సంగతి గ్రహించింది. ఇస్త్రీ చేస్తున్న చొక్కా మడత పెడుతూ అంది, "ఆయన్ని ఒకసారి తీసేశారు. నువ్వు కూడా మానేస్తే రెండోసారి తీసేసినట్టే. తరవాత నీ ఇష్టం." ఆమె ఆ కాయితం చింపేసి కాలేజీకి వెళ్ళింది. ఆ రోజు లాబ్‌లో గాజుసామాను కడగడానికి ఎవరూ లేరు. క్లాసు అయ్యాక తనే తలుపు వేసుకుని కడుక్కుంది.

పాఠం చెప్పడం మాత్రం మానలేదు. ఇంకా బాగా చెప్పిందని కూడా అంటారు. హాస్టలు పిల్ల తిరిగొచ్చింది, మెడదాకా గుండీలు పెట్టుకుని. కానీ ముందుగా వచ్చి కూర్చోవడం మానేసింది. చిన్న మేడమ్ ప్రశ్న అడుగుతూ అడుగుతూ ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చూపు పుస్తకంలోకి దిగిపోయేది. ఆమెకి ఆ పిల్ల మీద కోపం లేదు. ఆ బెంచీలో తనుంటే ఏం చేసేదో తనకీ తెలియదు. కానీ దగ్గరికి పిలిచి ఆ సంగతి చెప్పడానికి మనసు ఒప్పలేదు. అలా ఒక ఏడూ, రెండేళ్ళూ గడిచిపోయాయి.

చదువు ముగిసే ముందు అధ్యక్షుడిగారి మనవడు ఆమె గదికి వచ్చాడు. పై చదువుకి వెళ్తున్నాడట, సిఫారసు ఉత్తరం కావాలిట.

"మీరు చెప్పినట్టు ఎవరూ చెప్పలేదు మేడమ్. మీరు రాస్తేనే నాకు విలువ" అన్నాడు. నిజంగానే అన్నాడు.

"రాస్తాను. నేను చూసింది చూసినట్టు రాస్తాను. తీసుకెళ్తావా?"

అతని మొహం ఎర్రబడింది. ఏదో అనబోయినట్టే అనిపించింది. ఆ ఏదో అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. చివరికి "సరే మేడమ్" అని వెళ్ళిపోయాడు. ఆ ఉత్తరం పెద్దసారు రాసిచ్చాడు. అతనికి సీటు వచ్చింది.

తండ్రికి ఊరు అవతల ఒక పళ్ళరసం కొట్టులో గ్లాసులు కడిగే పని దొరికింది. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో చేశాడు. కాలేజీ ఉన్న వీధిలోంచి వెళ్ళే బస్సు కూడా ఎక్కేవాడు కాదు, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఒకసారి ఆమె ఆ కొట్టుకి వెళ్ళింది. ఇంట్లో మాట్లాడలేనిది అక్కడైనా మాట్లాడొచ్చేమో అనుకుంది. ఆయన బల్ల తుడిచి, ఆమె ముందు గ్లాసు పెట్టి, అందరికీ పెట్టినట్టే పెట్టి, పక్కబల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె తాగింది. గ్లాసు వెలుతురుకి మెరిసిపోతోంది. డబ్బులు ఇస్తే కొట్టు యజమాని "మీ నాన్నగారు ఇక్కడుండగా మీ దగ్గర తీసుకుంటామా" అన్నాడు. అంటే ఆయన ఇక్కడ చెప్పుకున్నాడన్నమాట, నా కూతురు ఫలానా అని. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చింది.

ఇంట్లో మాటలు లేకపోలేదు. వర్షం వస్తోంది గొడుగు తీసుకెళ్ళండి మేడమ్, దగ్గు తగ్గలేదు డాక్టరుకి చూపించుకో నాన్నా, ఇలాంటివి. ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ దగ్గే చివరికి ఆయన్ని ఆస్పత్రిలో చేర్చింది. ఆమె సెలవు పెట్టి పక్కనే ఉంది. చెంచాతో జావ పడితే తాగేవాడు. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చేవాడు. ఒకరోజు ధైర్యం చేసి, "నాన్నా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, "క్లాసులు పోతున్నాయేమో చూసుకోండి. పిల్లలు నష్టపోతారు" అన్నాడు. రెండురోజుల తరవాత మధ్యాహ్నం, ఆమె మందులు తీసుకురావడానికి కిందికి వెళ్ళినప్పుడు పోయాడు.

పెద్దసారు చూడ్డానికి వచ్చాడు. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, చేతికర్ర వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు. "నిన్ను కాపాడాలనే అనుకున్నానమ్మా" అన్నాడు. ఆమె కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోమంది.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం డిపార్ట్‌మెంటు వరండాలో ఒకావిడ ఆమె కోసం నిలబడి ఉంది. మెడదాకా గుండీలు. హాస్టలు పిల్ల. ఇప్పుడు ఇంకోచోట కాలేజీలో తనూ లెక్చరర్ అట.

"మీ నాన్నగారు ఉన్నారా మేడమ్?"

"లేరమ్మా. పోయారు."

ఆవిడ గోడకి చెయ్యి ఆనించింది. "నేను ఆ రోజు చూశాను మేడమ్. అటు తిరిగి లేను. అంతా చూశాను."

"తెలుసు."

"నన్ను కుళాయి కింద పట్టుకున్నది ఆయనే. ఆయన చేతులు కాలుతుంటే కూడా చూశాను. నాకు చదువు పోతుందేమోనని భయమేసింది. ఆయనకి చెప్పుకుందామని వచ్చాను. ఆలస్యంగా వచ్చాను." గోడ మీంచి చెయ్యి తీసి, "ఇంట్లో అమ్మగారు ఉన్నారా? ఆవిడకైనా చెబుతాను" అంది.

ఇద్దరూ నడిచే వెళ్ళారు. తల్లి ఇంకా ఇస్త్రీ చేస్తూనే ఉంది, కళ్ళు కాస్త మందగించినా. వచ్చినావిడ బల్ల పక్కన నిలబడి మొత్తం చెప్పింది. తను చూసింది, తను అన్నది, ఎందుకన్నది. తల్లి పెట్టె పక్కకి పెట్టి అంతా విన్నది. అయిపోయాక ఆవిడ మెడ మీది గుండీ దగ్గర వేలితో మెల్లిగా తాకి చూసింది.

"ఆయన బతికుండగా వస్తే ఎంత బాగుండేదమ్మా" అంది. "తన చీటీ తప్పు కాదని ఆ రోజు అక్కడున్న పిల్లల్లో ఒక్కళ్ళయినా వచ్చి చెబుతారేమోనని ఎదురుచూశాడు. పైకి అనలేదు గానీ చూశాడు. ఇప్పుడు నాకు చెప్తే నేనెవరికి చెప్పుకోను తల్లీ?"

వచ్చినావిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చిన్న మేడమ్ పక్కనే నిలబడి ఉంది. పర్వాలేదు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. క్లాసులో తప్పు చేసి బెదిరిపోయిన పిల్లలకి రోజూ చెప్పే మాటే. ఈసారి అది నోరు దాటలేదు. ఆవిడ కూర్చోవడానికి మంచం మీది బట్టలు పక్కకి జరిపి, తనూ ఆ పక్కనే కూర్చుంది.